వెబ్ ఆప్షన్లు మీ చేతులతో మీరే పెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడింది మొదలు సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ ముగిసేదాకా పత్రికల మొదటి పేజీలు ఇంజినీరింగ్ కళాశాలల ప్రకటనలతో నిండిపోవడం ఏటా చూస్తున్నదే. మీ పత్రిక కూడా అందుకు మినహాయింపు కాదు. ఆ ప్రకటనల్లో లక్షల వార్షిక వేతనాలు ఉంటాయి, పిల్లల ఫొటోలు ఉంటాయి, అద్దాల భవనాలు ఉంటాయి. ఆ వేతనం ఎంతమందిలో ఒకరికి వచ్చిందో, ఆ బ్రాంచిలో పాఠం చెప్పే రెగ్యులర్ అధ్యాపకులు ఎందరున్నారో మాత్రం ఉండదు. తమకు పనికిరానిది ఎవరూ డబ్బిచ్చి అచ్చు వేయించుకోరు కాబట్టి ప్రకటనదారులను తప్పుపట్టి లాభం లేదు. ప్రకటనలు చెప్పని సంగతులు కొన్నయినా పాఠకుల ఉత్తరాల శీర్షికలో రావాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను. నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. తెలంగాణలో కౌన్సెలింగ్‌కు హెల్ప్‌లైన్ కేంద్రాలుగా పనిచేసేవి ఎక్కువగా పాలిటెక్నిక్ కళాశాలలే కావడం వల్ల ధ్రువపత్రాల పరిశీలన బల్ల వెనక చాలా ఏళ్లు కూర్చున్నాను. ఇప్పటికీ జూన్, జూలై వచ్చాయంటే తెలిసినవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని ర్యాంకు కార్డుతో మా ఇంటికి వస్తుంటారు.

ఇన్నేళ్లలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది తక్కువ ర్యాంకులు కాదు. మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు కూడా తమ వెబ్ ఆప్షన్ల జాబితాను, అంటే కోరుకునే కళాశాలలు, బ్రాంచీల వరుసను, తాము తయారుచేసుకోకపోవడం. ఒకసారి ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. ప్లాస్టిక్ కవరులో మెమోలు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అన్నీ రెండేసి జిరాక్సులతో ఎంతో పద్ధతిగా సర్దుకుని ఉన్నాయి. ఆ కవరులోనే నాలుగు పేజీల ఆప్షన్ల ప్రింటు కూడా ఉంది. "ఈ లిస్టు ఎవరు తయారు చేసిన్రమ్మా?" అని అడిగితే "నెట్ సెంటర్ అన్న పెట్టిండు సార్" అంది. "మూడో నంబరు కాలేజీ ఎక్కడుంటది?" అంటే తండ్రి ముఖం చూసింది, తండ్రి నా ముఖం చూశాడు. ఆ కళాశాల ఇబ్రహీంపట్నం దాటి లోపలికి ఉంది. వాళ్ల బంధువుల ఇల్లు మేడ్చల్‌లో. రోజూ నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాల్సిన కళాశాలను మూడో స్థానంలో పెట్టినవాడికి ఆ అమ్మాయి ఎక్కడుంటుందో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. అతనికి ఆ రోజు అలాంటి ఫారాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. తెలిసిన కళాశాలల పేర్లు ముందు పెట్టి, మిగిలినవి వరుసగా నొక్కుకుంటూ పోతాడు.

నెట్ సెంటర్ యజమాని అమాయకంగా చేసే ఈ పనినే కొందరు కన్సల్టెంట్లు డబ్బు కోసం చేస్తారు. ఫలానా కళాశాలను మొదటి పది ఆప్షన్లలో పెట్టిస్తే తలకింతని కమీషన్ ముడుతుందన్నది ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన రహస్యమే. పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతిలోనే పెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. ఒక కుటుంబం ఏటీఎం పిన్ నంబరు బయటివాడికి చెబుతుందా? నాలుగేళ్ల చదువును, లక్షల ఖర్చును నిర్ణయించే పాస్‌వర్డును మాత్రం చెప్పేస్తుంది. కాబట్టి రాబోయే విద్యార్థులకు నేను చెప్పదలచిన మొదటి మాట, చివరికి ఒకే మాట అయినా ఇదే: ఆప్షన్లు మీరే రాసుకోండి, మీరే పెట్టుకోండి, ఫ్రీజ్ (ఖరారు) చేసిన తరువాత ప్రింటు తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇది కష్టమైన పని కాదు. సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో అర్థమైతే సగం భయం పోతుంది. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్క విద్యార్థినే తీసుకుంటుంది. అతని జాబితాలో పైనుంచి కిందికి చూస్తూ, అతని రిజర్వేషన్‌కు, స్థానికతకు సరిపడే సీటు ఎక్కడ మొదట దొరికితే అక్కడ ఆగిపోతుంది. అంటే పైన ఉన్న ఆప్షన్ దొరకకపోతే కిందిది ఇస్తుందే తప్ప, పైన పెద్ద కళాశాల పెట్టినందుకు ఎవరినీ శిక్షించదు. "నీ ర్యాంకుకు ఆ కాలేజీ రాదు, అనవసరంగా పెట్టకు, ఒక ఆప్షన్ పోతుంది" అని చెప్పేవాళ్ల మాట వినకండి. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు. మీకు నిజంగా ఇష్టమైన వరుసలో పెట్టడం ఒక్కటే సరైన పద్ధతి. ర్యాంకుకు తగ్గ వరుసలో పెట్టాలనుకోవడం పొరపాటు. అయితే కిందికి వెళ్లేకొద్దీ మీ ర్యాంకుకు తప్పకుండా వచ్చే కళాశాలలు తగినన్ని ఉండాలి. చాలామంది ఇరవై ముప్పై పెద్ద పేర్లు రాసి ఊరుకుని, మొదటి విడతలో సీటు రాక కంగారు పడుతుంటారు. 2025లో తుది కేటాయింపుకు ముందు నమూనా కేటాయింపు చూపించి, ఆప్షన్లు మార్చుకోవడానికి గడువిచ్చారు. అలాంటి అవకాశం ఉన్న ఏడాది దాన్ని వదులుకోకూడదు.

ఏ కళాశాలలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో తెలిపే చివరి ర్యాంకుల పట్టికను సాంకేతిక విద్యాశాఖ కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో ఉచితంగా పెడుతుంది. దాన్నే కొందరు పుస్తకంగా వేసి, మరికొందరు యాప్‌గా మార్చి అమ్ముకుంటున్నారు. ఆ పట్టిక చదవడంలో మూడు చోట్ల పిల్లలు తడబడటం గమనించాను. ఒకటి, ప్రతి బ్రాంచికీ ఓసీ, బీసీ ఏ నుంచి ఈ దాకా, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ అని గడులుంటాయి, ప్రతి దాంట్లో మళ్లీ బాలురు, బాలికలు వేరు. బీసీ డీ అమ్మాయి ఓసీ అబ్బాయిల గడి చూసి ఆశ వదులుకున్న సందర్భాలు ఉన్నాయి. రెండు, మొదటి విడత పట్టికకూ తుది విడత పట్టికకూ చాలా తేడా ఉంటుంది, రెండూ పక్కన పెట్టుకుని చూడాలి. మూడు, కళాశాల పేరు కాదు, కోడ్ చూడాలి. ఒకే యాజమాన్యం కింద ఒకే పేరుతో నాలుగైదు కళాశాలలు ఉన్నచోట కోడ్‌లో ఒక్క అక్షరమే మారుతుంది. అందులో ఒకటి పేరున్నది అయితే మరొకటి నిన్నగాక మొన్న పెట్టినది కావచ్చు. ప్రాంగణం గోడ కూడా ఒకటే కావడం వల్ల చేరినదాకా తేడా తెలియని పిల్లలున్నారు.

రెండో విడతలో జరిగే నష్టం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చినా, "ఇంకా మంచిది వస్తుందేమో" అని మళ్లీ ఆప్షన్లు పెడతారు. రెండో విడతలో కొత్త సీటు కేటాయించారంటే పాత సీటు దానంతటదే రద్దయి వేరొకరికి వెళ్లిపోతుంది. తరువాత ఎంత మొత్తుకున్నా తిరిగి రాదు. అందువల్ల రెండో విడత జాబితాలో ఇప్పుడున్న సీటుకన్నా నిజంగా మెరుగైనవి తప్ప ఒక్కటి కూడా అదనంగా ఉండకూడదు. జాబితా నిండుగా కనిపించాలని పాత జాబితానే మళ్లీ ఎక్కించే నెట్ సెంటర్ల వల్ల, ఊళ్లో దగ్గరి కళాశాలలో కంప్యూటర్ సైన్స్ ఉన్న పిల్లలు దూరపు కళాశాలలో తమకు అక్కర్లేని బ్రాంచిలోకి వెళ్లిపోవడం కళ్లారా చూశాను. తండ్రులు దరఖాస్తు పట్టుకుని వచ్చి బతిమాలేవారు. బల్ల ఇవతల కూర్చున్న మాకు చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఇక ఫీజుల సంగతి. ప్రైవేటు కళాశాలల ఫీజును ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయిస్తుంది, కళాశాల కాదు. సీట్లలో కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా 70 శాతం, కళాశాల తానే నింపుకునే యాజమాన్య కోటా 30 శాతం. ప్రభుత్వం ఫీజు చెల్లించే రీయింబర్స్‌మెంట్ అర్హత కన్వీనర్ కోటాలో సీటు వచ్చినవారికే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన) విద్యార్థులకు ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తిగా, దాటితే కొన్ని మినహాయింపులు తప్ప ఏటా 35,000 రూపాయల వరకు వస్తుంది. కళాశాల ఫీజు లక్ష దాటినచోట మిగిలినదంతా ఇంటి నుంచే కట్టాలి. అందువల్ల "రీయింబర్స్‌మెంట్ ఉంది కదా" అని ఫీజు గడి చూడకుండా ఆప్షన్ పెట్టకూడదు. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాదిది కావాలి, పాతది పెడితే పోర్టల్ ఒప్పుకోదు, తహసీల్దారు కార్యాలయంలో ఆ వారమంతా క్యూ ఉంటుంది. విడతలన్నీ ముగిశాక మిగిలిన సీట్లకు కళాశాలలోనే జరిగే స్పాట్ అడ్మిషన్లో చేరినవారికి రీయింబర్స్‌మెంట్ లేదన్న సంగతి చేరిన తరువాత తెలిసి లబోదిబోమన్నవారు ఏటా ఉంటారు. ఆ మాట నోటిఫికేషన్లో రాసే ఉంటుంది.

రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి చెప్పకుండా ఈ విషయం వదిలేయడం న్యాయం కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం లేకపోతే ఇంజినీరింగ్ గడప తొక్కని ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. అయితే ప్రభుత్వం సకాలంలో విడుదల చేయక బకాయిలు పేరుకుపోయి, 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ దాకా వెళ్లాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య నడిచే ఈ పంచాయితీలో చివరకు దెబ్బ తినేది విద్యార్థే. నాలుగో సంవత్సరం పూర్తయి ఉద్యోగం వచ్చిన పిల్లవాడికి "నీ ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు, నువ్వే కట్టి సర్టిఫికెట్లు తీసుకో, వచ్చాక ఇస్తాం" అంటున్నారు. మా వీధిలో ఒక కుటుంబం మెమోల కోసం బంగారం కుదువ పెట్టింది. ఆ కళాశాల పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. చేరే ముందే అదే కళాశాలలో చివరి సంవత్సరం చదివే ఒకరిద్దరిని "సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఏం అడుగుతున్నారు?" అని విచారించుకోవడం మంచిది.

చేరేటప్పుడు ఒరిజినల్ ధ్రువపత్రాల విషయంలోనూ నిబంధన స్పష్టంగానే ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మార్కుల మెమోల వంటివి విద్యార్థి ఎదుటే పరిశీలించి, ధ్రువీకరించిన నకళ్లు ఉంచుకుని, ఒరిజినల్స్ వెంటనే తిరిగి ఇవ్వాలి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ కూడా అదే చెబుతోంది. ప్రవేశం రద్దు చేసుకుంటే ఫీజు ఎంత తిరిగి రావాలో కూడా ఆ ఉత్తర్వులో ఉంది: ప్రవేశాల గడువుకు 15 రోజుల ముందే చెబితే స్వల్ప కోత తప్ప మొత్తం, గడువులోపు చివరి 15 రోజుల్లో చెబితే 90 శాతం, గడువు దాటిన 15 రోజుల్లోపు అయితే 80 శాతం, 30 రోజుల్లోపు అయితే సగం. ఆచరణలో ఎవరూ తమంతట తాము ఇవ్వరు. రద్దు దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకున్నవారికే అడిగే బలం ఉంటుంది. నోటిమాటతో పని జరగదు.

యాజమాన్య కోటా విషయంలో చెప్పేది తక్కువే. సీటు కోసం అదనంగా వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే వచ్చింది. అయినా రసీదు లేని లక్షలు చేతులు మారుతూనే ఉన్నాయి. అప్పుచేసి ఆ డబ్బు కట్టేకన్నా, కన్వీనర్ కోటాలో వచ్చిన కొంచెం చిన్న కళాశాలే నయమని నా అభిప్రాయం. ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి వేరు. తెలంగాణలో అవి 2018 నాటి చట్టం కింద ఏర్పడ్డాయి, వాటి సీట్లు చాలావరకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోకి రావు, అలా కౌన్సెలింగ్ బయట చేరినవారికి రీయింబర్స్‌మెంట్ వర్తించదు. అనుమతి చేతికి రాకముందే "విశ్వవిద్యాలయం" అని బోర్డు పెట్టి పిల్లలను చేర్చుకుని, తరువాత వాళ్లను రోడ్డున పడేసిన ఉదంతం మన రాష్ట్రంలోనే జరిగింది కదా. చట్టం కింద నోటిఫై అయిందో లేదో యూజీసీ జాబితాలో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

కళాశాల మంచిచెడ్డలు తెలుసుకోవడానికి ప్రకటనలో ఉన్న న్యాక్, ఎన్‌బీఏ వంటి నాణ్యతా గుర్తింపు ముద్రలను విడివిడిగా చదవాలి. న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి వేరుగా, మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు. మెకానికల్‌కు ఎప్పుడో వచ్చిన ఎన్‌బీఏను చూపించి కొత్తగా పెట్టిన డేటా సైన్స్ సీట్లు నింపుకునే కళాశాలలు ఉన్నాయి, కాబట్టి మీరు చేరే బ్రాంచికి ఉందా, గడువు ఇంకా ఉందా అని అడగాలి. అటానమస్ అంటే ప్రశ్నపత్రం, మూల్యాంకనం కళాశాలవే, డిగ్రీ పట్టా మాత్రం అనుబంధ విశ్వవిద్యాలయానిదే. మంచి అధ్యాపకులున్నచోట అది వరం, లేనిచోట మార్కులు పంచే ఏర్పాటు. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ప్రతి కళాశాలా తన వెబ్‌సైట్లో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ అనే పత్రాన్ని పెట్టాలి. అందులో బ్రాంచివారీగా అధ్యాపకుల పేర్లు, అర్హతలు ఉంటాయి. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది లెక్క. ఏటా 300 సీట్లున్న కంప్యూటర్ సైన్స్‌కు నాలుగేళ్లకు కలిపి 1,200 మంది, అంటే 60 మంది అధ్యాపకులు ఉండాలి. ఆ పత్రంలో ఎంతమంది పేర్లున్నాయో లెక్కపెట్టండి, తరువాత కళాశాలకు వెళ్లి వాళ్లలో ఒకరిద్దరు నిజంగా అక్కడ ఉన్నారేమో అడగండి. 2024-25 నుంచి ఏఐసీటీఈ ఒక బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తేసినప్పటి నుంచి ఈ లెక్క మరీ ముఖ్యమైంది. గదులు కట్టినంత తొందరగా పాఠాలు చెప్పేవాళ్లు దొరకరు.

కళాశాలను ఒక్కసారైనా పని దినాన చూడాలి. ఓపెన్ డే పేరుతో పూలు కట్టిన రోజున కాదు, మామూలు రోజున, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో. ఆ వేళకు ల్యాబులు నడుస్తుండాలి. ల్యాబులో కంప్యూటర్లపై ప్లాస్టిక్ కవర్లు తొడిగి ఉన్నాయంటే అవి తనిఖీ బృందం కోసం ఉంచినవని అర్థం. గ్రంథాలయంలో పుస్తకం వెనక అట్ట లోపల తేదీల చీటీ చూస్తే ఆఖరిసారి ఎప్పుడు ఎవరు తీసుకెళ్లారో తెలుస్తుంది. అమ్మాయిల మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయా, తాగునీటి దగ్గర గ్లాసు ఉందా అని తల్లులు చూడాలి. తరువాత గేటు బయట టీ కొట్టు దగ్గర మూడో సంవత్సరం పిల్లలతో పది నిమిషాలు మాట్లాడితే చాలు, ప్రిన్సిపాల్ గదిలో చూపించే వీడియోకన్నా ఎక్కువ సమాచారం దొరుకుతుంది. "ఎన్ని కంపెనీలు వచ్చాయి?" అని అడగకండి. "మీ సెక్షన్‌లో ఎంతమందికి వచ్చింది, బాండు రాయించుకున్నారా, చేరేందుకు పిలుపు వచ్చిందా?" అని అడగండి.

బ్రాంచి గురించి నా మాట కొందరికి రుచించకపోవచ్చు. కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ, ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని ఉన్న పేర్లలో చాలాచోట్ల మొదటి రెండేళ్ల పాఠాలు ఒకటే, చెప్పే అధ్యాపకులూ వాళ్లే. పేరు కొత్తదని దూరపు కళాశాలకు వెళ్లేకన్నా మంచి కళాశాలలో మామూలు కంప్యూటర్ సైన్స్ గానీ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గానీ తీసుకోవడం మేలు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివితే పనికి రాదన్నట్లు మాట్లాడేవాళ్లు, నీటిపారుదల, రోడ్లు భవనాలు, విద్యుత్ శాఖల ఇంజినీరు ఉద్యోగాలకు, గేట్ పరీక్ష ద్వారా ప్రభుత్వరంగ సంస్థల్లో ఉన్న ఉద్యోగాల్లో చాలావాటికి అర్హత ఆ బ్రాంచీలదేనన్న సంగతి మరిచిపోతున్నారు. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్లల్లోని జేఎన్‌టీయూ కళాశాలల పేర్లు నెట్ సెంటర్ జాబితాల్లో బాగా కింద ఉంటాయి. అక్కడ రెగ్యులర్ నియామకాలు లేక కాంట్రాక్టు అధ్యాపకులే భారం మోస్తున్న మాట నిజమే. అయినా ప్రాంగణంలోనే హాస్టల్, విశ్వవిద్యాలయ పట్టా కోరుకునే పేదింటి పిల్లలు వాటిని చూడకుండా దాటేయకూడదు. ఇంజినీరింగే ఎందుకన్నది ఇంకో ప్రశ్న. డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా నిజాం కళాశాలలోనో, హనుమకొండలోని ప్రభుత్వ కళాశాలలోనో డిగ్రీ చేయవచ్చు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరవచ్చు. వాటి దరఖాస్తుల గడువులు ఎప్‌సెట్ ఫలితాల కోసం ఆగవు కాబట్టి ముందే కన్నేసి ఉంచాలి.

చేరిన తరువాతి జీవితంలో మొదటి సెమిస్టరే కీలకం. ఇంటర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా వెంటపడి చదివించిన కార్పొరేట్ కళాశాల నుంచి వచ్చినవాడికి ఇక్కడ ఎవరూ అడగకపోవడం మొదట స్వేచ్ఛలా అనిపిస్తుంది, డిసెంబరు వచ్చేసరికి గణితం తప్పి బ్యాక్‌లాగ్ పడుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్యం వంటి కారణం చూపితే 65 దాకా మినహాయింపు దొరుకుతుంది, అంతకన్నా తగ్గితే డిటెయిన్ చేసి జూనియర్లతో కూర్చోబెడతారు. రీయింబర్స్‌మెంటుకూ హాజరు ముడిపడి ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంకో అవస్థ ఉంది. పాఠం అర్థం కాక కాదు, ఆంగ్లంలో ప్రశ్న కూర్చుకునే లోపు అధ్యాపకుడు ముందుకు వెళ్లిపోతాడు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: తరగతి అయ్యాక స్టాఫ్‌రూముకు వెళ్లి తెలుగులోనే అడగండి. నా సహోద్యోగుల్లో అలా వచ్చినవాడిని తిప్పి పంపిన వారు అరుదు. పరీక్ష ముందు జిరాక్స్ సెంటర్లో అమ్మే "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" మీద నాలుగేళ్లు బండి నడిపించవచ్చు. ఇంటర్వ్యూ మాత్రం నడవదు.

హాస్టల్ గురించి అడ్వాన్సు కట్టే ముందు చూడాల్సినవి గది, మెస్, రాత్రి గేటు వేళలు, మధ్యలో ఖాళీ చేస్తే డిపాజిట్ తిరిగిచ్చే షరతు. నగరంలో ప్రైవేటు హాస్టళ్లు చాలావాటికి కాగితమే ఉండదు, కనీసం రసీదైనా తీసుకోవాలి. బస్సు ఫీజు ట్యూషన్ ఫీజులో భాగం కాదు, రీయింబర్స్‌మెంటులోకి రాదు. ఘట్‌కేసర్, మొయినాబాద్, దుండిగల్ వైపు కళాశాలలకు రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే పిల్లలకు ఇంటికొచ్చి పుస్తకం తెరిచే ఓపిక ఉండదన్నది కూడా ఆప్షన్లు పెట్టేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.

ర్యాగింగ్ విషయంలో "సీనియర్లతో పరిచయం" అనే మాట వినగానే తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలు తోడయ్యాయి. ప్రవేశం సమయంలో విద్యార్థి, తల్లిదండ్రులు ఇచ్చే అఫిడవిట్ తంతు కాదు, ర్యాగింగ్ చేస్తే శిక్షకు ఒప్పుకుంటున్నామన్న హామీ. 1800-180-5522 నంబరు రోజంతా పనిచేస్తుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. దిగులుతో, భయంతో నిద్రపట్టని పిల్లలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. అప్పుల యాప్‌లు, బెట్టింగ్ యాప్‌లు హాస్టల్ గదుల్లోకి వచ్చేశాయి. అబ్బాయి నెల మధ్యలో డబ్బు అడగడం ఎక్కువైతే తిట్టకుండా, ఎవరికి బాకీ ఉన్నాడో అడగాలి. తిడితే ఇంకో యాప్‌లో అప్పు తెస్తాడు.

సంపాదకులకు చివరగా నా విన్నపం. కౌన్సెలింగ్ సాగే వారాల్లో మీ జిల్లా పేజీలో కళాశాల ప్రకటన కాని ఒక పట్టిక వేయండి. అందులో ఆ జిల్లా విద్యార్థులు ఎక్కువగా కోరుకునే కళాశాలల కోడ్, నియంత్రణ కమిటీ నిర్ణయించిన ఫీజు, ఎన్‌బీఏ ఉన్న బ్రాంచీలు, దాని గడువు, గత ఏడాది మొదటి విడత, తుది విడతల చివరి ర్యాంకులు ఉంటే చాలు. ఇవన్నీ బహిరంగంగా దొరికే సమాచారమే, ఒక విలేకరి రెండు రోజుల్లో సేకరించగలడు. దాని పక్కనే దగ్గరి హెల్ప్‌లైన్ కేంద్రం చిరునామా, ఆప్షన్లు ఫ్రీజ్ చేసుకునే ఆఖరి తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి. సాంకేతిక విద్యాశాఖకు కూడా ఒక సూచన. హెల్ప్‌లైన్ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలన ముగిసిన విద్యార్థి అక్కడే కూర్చుని తన ఆప్షన్లు తానే పెట్టుకునేలా పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబును సాయంత్రం ఏడింటి దాకా తెరిచి ఉంచి, ఇద్దరు అధ్యాపకులను కూర్చోబెట్టవచ్చు. సెలవుల్లో ఆ ల్యాబులు ఖాళీగానే ఉంటాయి, కరెంటు బిల్లు తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
హనుమకొండ.